పక్కన నిలబడి చూస్తే

అశోక్‌నగర్‌లో ఏదైనా టీ బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు, జనరల్ నాలెడ్జి దానంతటదే చెవిలో పడుతుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో ఒకడు గ్లాసు పట్టుకుని అడుగుతుంటాడు, ఇంకొకడు ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ జవాబు చెబుతుంటాడు.

"ఆసు యంత్రం?"

"చింతకింది మల్లేశం."

"జిల్లా?"

"అప్పుడు నల్లగొండ, ఇప్పుడు యాదాద్రి భువనగిరి."

"పద్మశ్రీ?"

"2017."

"మండలం?"

"ఆలేరు. అంత లోపలికి పోయి అడగరు తియ్యన్నా."

ఏడేళ్లు పట్టిన పని అర నిమిషంలో అయిపోతుంది. తర్వాతి బిట్టు మూసీ ఉపనదుల మీద.

ఆ పిల్లల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. పేపర్లో అడిగేది అంతే, కాబట్టి వాళ్లు చదివేదీ అంతే. నా కుతూహలమల్లా ఏ బిట్ బ్యాంకులోనూ కనపడని ఇంకో ప్రశ్న మీద. ఆలేరు, పోచంపల్లి, పుట్టపాక చుట్టుపక్కల చేనేత ఇళ్లలో ఆసు పోసిన ఆడవాళ్లకు భుజాల నొప్పులు కొత్త కాదు. ఆ నొప్పిని చూస్తూ పెరిగిన కొడుకులూ కూతుళ్లూ ఎన్ని తరాల వాళ్లో ఉన్నారు. అందరి కళ్ల ముందూ ఉన్నది ఒక్కడికే చెయ్యాల్సిన పనిగా ఎలా కనపడింది?

ముందు ఆసు సంగతి చెప్పాలి. చిటికి చీరకు నూలును నేయకముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. కట్టు సరైన చోట పడాలంటే దారాన్ని ఒక లెక్క ప్రకారం పరచుకోవాలి. ఒక చెక్క మీద అర్ధచంద్రాకారంలో మేకులు వరసగా దిగేసి ఉంటాయి, వాటికి ఎదురుగా ఇంకో మేకు. దారం ఇక్కడి నుంచి అక్కడికి, మళ్లీ వెనక్కి, పక్క మేకు, మళ్లీ వెనక్కి. చెయ్యి మీటరు మేర పోతుంది, వస్తుంది. ఒక్క చీరకు 9,000 సార్లు. వరస తప్పితే డిజైను చెడుతుంది, కనుక చేతితో పాటు కళ్లు కూడా తిరుగుతూనే ఉండాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. మీటరు చొప్పున లెక్కేసుకుంటే ఆవిడ చెయ్యి ఒక్క రోజులో మా దోమలగూడ నుంచి కూకట్‌పల్లి దాటి మియాపూర్ దాకా వెళ్లినట్టు. మనిషి మాత్రం కూర్చున్న పీట మీంచి కదలదు.

ఆలేరు మండలం శారాజీపేటలో మల్లేశం తల్లి లక్ష్మి చేసిన పని ఇదే. భుజమూ మోచెయ్యీ పట్టేసేవి. ఆరో తరగతితో చదువు ఆపేసి ఇంటి పనిలో పడ్డ కొడుకు అది రోజూ చూశాడు. 1992లో, ఈ చేతి పని యంత్రం చెయ్యలేదా అని మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, చేతిలో డబ్బు లేదు, ఊళ్లో ఎగతాళికి కొదవ లేదు. ఒక్కో భాగం కుదుర్చుకుంటూ వచ్చాడు. ఒకచోట పని ఆగిపోయింది. చివరి కదలిక ఎంతకీ కుదరలేదు. ఆ తర్వాత బతుకుతెరువుకు హైదరాబాద్ వచ్చి కరెంటు పనిలో కూలీగా చేరాడు.

1999లో బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి వైరింగ్ పని మీద వెళ్లినప్పుడు అక్కడ ఒక యంత్రం ఆడుతూ కనపడింది. దాని కదలిక చూడగానే తనకు కావలసింది అదేనని తెలిసింది. నాలుగైదు గంటలు పట్టే ఆసు ఆ యంత్రం మీద గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2019లో సినిమా కూడా వచ్చింది, ప్రియదర్శి వేశాడు. మా ఆర్టీసీ క్రాస్‌ రోడ్స్ పక్క పిల్లలకు ఈ కథ పరీక్ష కంటే ముందు తెర మీదే తెలిసి ఉంటుంది.

ఈ కథను అందరూ బాలానగర్ దగ్గర పట్టుకుంటారు. అదృష్టం కలిసొచ్చిందంటారు. ఆ ఫ్యాక్టరీలో ఆ యంత్రం దగ్గరే రోజూ పనిచేసేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు అది జీతమిచ్చే ఇనుము. ఏడేళ్లుగా మనసులో ఒక చెయ్యి అటూ ఇటూ తిరుగుతున్న మనిషికి మాత్రమే అది ఇంకోలా కనపడుతుంది. నాకైతే అసలు ఘట్టం బాలానగర్ కంటే ముందు, శారాజీపేట ఇంట్లోనే ఉందనిపిస్తుంది. నొప్పి పడే మనిషి ఆ నొప్పిని పనిలోనే కలిపేసుకుంటుంది. పెళ్లయి వచ్చినప్పుడు అత్త చేస్తుండగా చూసింది, ఆ అత్తకు నేర్పింది ఆవిడ అత్త. ఆసంటే అంతే. మగ్గం ఆగకూడదు, దారం అందాలి. తన భుజం గురించి తీరిగ్గా ఆలోచించే వెసులుబాటు ఆవిడకు లేదు. ఇక ఊరి బయట ఉన్న మనకు చీర కనపడుతుంది, చీర మీద డిజైను కనపడుతుంది, భుజం కనపడదు. చేసేవాళ్లకు అలవాటు అడ్డం, కొనేవాళ్లకు దూరం అడ్డం. ఈ రెంటికీ మధ్య, అదే గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నవాడు ఒకడుంటాడు. వాడికి కనపడుతుంది, వాడు చూడదలుచుకుంటే.

ఇదే హైదరాబాద్‌లో ఇంకో సంగతి జరిగింది. అబ్దుల్ కలామ్ తన ప్రసంగాల్లో చాలాసార్లు చెప్పేవారు. అగ్ని క్షిపణి కోసం ఇక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాలలో బాగా తేలికైన పదార్థం ఒకటి తయారుచేశారు. ఒకరోజు నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన ఆ ల్యాబ్ చూడ్డానికి వెళ్లి ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నారు. అంత తేలిగ్గా ఉండేసరికి, కలామ్‌ను తన ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించారు. అక్కడ చిన్న చిన్న పిల్లలు మూడు కిలోలకు పైగా బరువుండే ఇనుప క్యాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. ఆ ముక్కను ఎంతమంది శాస్త్రవేత్తలు ఎన్నిసార్లు ఎత్తి దించారో. వాళ్ల మనసులో ఉన్నది క్షిపణి కనుక వాళ్ల చేతికి క్షిపణి బరువే తెలిసింది. డాక్టరు చేతికి పిల్లల కాళ్లు తెలిశాయి. ఆ పిల్లల తల్లిదండ్రులేమో, నడుస్తున్నాడు, అదే పదివేలు అనుకుని ఉంటారు.

ఇంత పెద్ద సంగతుల దాకా వెళ్లకుండానే, ఇందిరా పార్కు మూల తిరిగి అశోక్‌నగర్‌లోకి నడిచినా ఇదే వరస కనపడుతుంది. ఈ నాలుగు సందుల్లో అమ్ముడయ్యే వస్తువుల్లో అన్నిటికన్నా వింతైనది ఖాళీ కుర్చీ. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్ గదిలో నలుగురైదుగురు ఉంటారు. ఒకడు ఫోన్ మాట్లాడుతుంటే ఒకడు బట్టలారేస్తుంటాడు, ఇంకొకడు నోటిఫికేషన్ వాయిదా పడిందని బాధపడుతుంటాడు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది, 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఆ మాటలు హాస్టల్ గదిలో అంత తొందరగా తెగవు. చదువుకోవాలంటే గది వదలాలి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పోతే పొద్దున్నే సీట్లు నిండిపోయి ఉంటాయి. లోపల చోటు లేక ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదివేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇక్కడి ఇంటి యజమానులు ఇదంతా పక్కనుంచి చూసినవాళ్లు. తమ అపార్ట్‌మెంటు మెట్ల మీద, వాచ్‌మన్ లైటు కింద పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లల్ని రోజూ దాటుకుంటూ పోయినవాళ్లు. మొదట్లో విసుక్కుని ఉంటారు. తర్వాత ఒక ఫ్లోరు ఖాళీ చేసి, ప్లైవుడ్ అడ్డాలతో చిన్న చిన్న గళ్లుగా చేసి, గడికో కుర్చీ, బల్ల, లైటు, ప్లగ్గు పెట్టి స్టడీ హాలని బోర్డు కట్టారు. వెళ్లి చూడండి. మూడు వైపులా ప్లైవుడ్. ఎదుటి అడ్డం మీద టైం టేబుల్, భారతదేశ పటం, అంబేడ్కర్ బొమ్మో వెంకటేశ్వరస్వామి బొమ్మో. కుర్చీలో ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు. బల్ల కింద తాళం వేసిన అర. ఫ్యాన్ కింద సీటుకు ఒక రేటు, ఏసీ హాలుకు ఇంకో రేటు. ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. అక్కడ పాఠం చెప్పేవాళ్లెవరూ లేరు, పుస్తకాలిచ్చేవాళ్లూ లేరు. అమ్ముతున్నదల్లా నిశ్శబ్దం, నెలసరి అద్దెకు. ఎవరికైనా దగ్గొస్తే నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని బయటికెళ్లి దగ్గి వస్తారు.

దీన్ని ఆవిష్కరణ అనొచ్చా అంటే, నేనంటాను. కొత్త యంత్రమే అక్కర్లేదు. ఉన్న ఇంటిని గదుల లెక్కన కాకుండా కుర్చీల లెక్కన అద్దెకివ్వొచ్చని తోచడం చిన్న సంగతేం కాదు. అయితే దీనికి దండ వేసే ముందు ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ యజమానికి కనపడిన అవకాశం పుట్టింది లైబ్రరీలో కుర్చీ లేకపోవడంలోంచి. అది ముందు కనపడాల్సింది కుర్చీలు వెయ్యాల్సినవాళ్లకు. చేనులో పనిచేసి నెలనెలా డబ్బు పంపే తల్లిదండ్రుల ఖాతాలోంచి ఈ నిశ్శబ్దానికి అద్దె పోతోంది. అవకాశం పసిగట్టినవాడల్లా పుణ్యాత్ముడని పొగిడే రివాజు ఒకటి ఈమధ్య పెరిగింది. నాకది నచ్చదు.

వానాకాలంలో తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో ఎవరో వేపకొమ్మ గుచ్చి, కొసన ఎర్రగుడ్డ కడతారు. హుస్సేన్‌సాగర్ నుంచి పొంగిన నీళ్లు పోయే నాలా మా వైపు నుంచే అశోక్‌నగర్ మీదుగా కిందికి పోతుంది, గట్టి వాన పడితే రోడ్డేదో గుంతేదో తెలీదు. ఆ కొమ్మ ఎంతమంది కాళ్లు కాపాడిందో. తెలివే, సందేహం లేదు. అయితే ఆ కొమ్మను ఫొటో తీసి మన జనం సృజన చూడండని మురిసిపోయేవాళ్లు మూత గురించి అడగరు. కొమ్మ గుచ్చినవాడు మాత్రం మురిసిపోడు, కార్పొరేషన్‌కు ఫోన్ చేసి వచ్చే ఉంటాడు.

కుర్చీల దగ్గర నుంచి రెండు సందులు దాటితే పొద్దున పూట ఒక టిఫిన్ బండి ఉంటుంది. నా నడక దారిలోనే. రాగి జావ, ఇడ్లీ, ఉగ్గాని, మైసూర్ బోండా. బండి నడిపే ఆవిడ దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో విజిటింగ్ కార్డుల సైజు అట్టముక్కలు. పిల్లాడొచ్చి పేరు చెప్తాడు, ఆవిడ కార్డు తీసి పెన్నుతో ఒక గీత కొట్టి ప్లేటు అందిస్తుంది. డబ్బు చేతులు మారదు. మెస్సుల్లో కార్డులుండటం తెలుసు గాని టిఫిన్ బండి మీద చూడ్డం నాకదే మొదలు. ఈ ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని అడిగాను.

"ఆలోచనేంది సార్. ఇరవై తారీకు దాటిందంటే పిల్లలు సగం ప్లేటు అడుగుతుండ్రి. రెండిడ్లీ తిని పొద్దుగూకెదాంక సదువుతరు. సూడబుద్ది గాలే. ఒకటో తారీకు ఇంటికాడికెల్లి పైసలొస్తయి గద, గప్పుడే తీస్కుంటున్న."

"మరి మధ్యలో వాడు ఊరెళ్తే?"

"గీతలు మిగుల్తయి. మల్ల నెల తింటడు. యాడికి పోతడు, ఎగ్జామ్ ఈడనే గద." చట్నీ కలుపుతూ ఇంకో మాట కూడా అంది. "నాగ్గూడ అక్కరకొస్తున్నయి సార్. ఒకటో తారీకే మినప్పప్పు, నూనె డబ్బా ఒక్కసారి దెచ్చుకుంటున్న. ఇడిగా కొంటె ఎక్కువ పడుతుండె."

ఇదే పని ఫోన్లో చేస్తే దానికి చందా పద్ధతి అని పేరు పెట్టి, పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు తెర మీద చూపిస్తారు. ఆవిడ చేసినది సరిగ్గా అదే. సరుకుకు కావలసిన డబ్బు ముందే రాబట్టుకుంది, రోజూ చిల్లర వెతుక్కునే బాధ పోయింది, గిరాకీ పక్క బండికి పోకుండా చూసుకుంది. ఆవిడ చెప్పిన వరసలో మాత్రం ఇవన్నీ తర్వాత వచ్చాయి. ముందొచ్చింది సగం ప్లేటు. నెలాఖరు ఆకలిని ఆ పిల్లలు ఒక సమస్య అనుకోలేదు, చదువుకోడానికొచ్చాక మామూలే అనుకున్నారు. బండికి ఇవతల నిలబడ్డావిడకు అది మామూలుగా అనిపించలేదు.

ఇక్కడొక అభ్యంతరం రావచ్చు. ఫణీంద్ర సామ మాటేమిటి, అతను పడింది తన ఇబ్బందే కదా అని. నిజమే. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఈ తెలుగు కుర్రాడికి 2005 దీపావళికి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. పండగకు టికెట్ దొరక్కపోవడం మన జాతీయ సంప్రదాయం. దొరకనివాళ్లంతా ఆ రాత్రి ట్రావెల్స్ వాళ్లను నాలుగు తిట్టి పడుకుంటారు. ఇతను మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టాడు. 2013లో దాన్ని పెద్ద కంపెనీ కొనుక్కుంది.

అయితే తిట్టుకోవడానికీ కంపెనీ పెట్టడానికీ మధ్య అతను చేసింది చూడాలి. ట్రావెల్ ఏజెంట్ల దగ్గరకూ బస్సుల యజమానుల దగ్గరకూ వెళ్లి కూర్చున్నాడు, వాళ్ల పని ఎలా సాగుతుందో చూశాడు. ఆ రోజుల్లో టికెట్ కొన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాచిగూడలోనో లక్డీకాపూల్‌లోనో ఏజెంటు బల్ల మీద బస్సు సీట్ల బొమ్మ గీసిన కాగితం, గళ్లలో పెన్సిలుతో పేర్లు. మీరు కిటికీ సీటు అడిగితే అతను ఫోన్ ఎత్తి ఇంకొకరిని అడిగేవాడు, ఆ ఇంకొకరు తన కాగితం చూసి చెప్పేవాడు. ఒక్కో ఏజెంటుకు కొన్ని సీట్లు వాటా. ఇతని వాటా అయిపోతే మీకు టికెట్ లేదు, అదే బస్సులో ఇంకో ఏజెంటు వాటా సీట్లు ఖాళీగా ఉన్నా సరే. సీట్లు లేకపోవడం వేరు, ఎక్కడున్నాయో ఎవరికీ తెలియకపోవడం వేరు. అది ప్రయాణికుడిగా క్యూలో నిలబడితే తెలిసేది కాదు. బల్లకు అవతలి వైపు వెళ్లి, ఏజెంటు పక్కన కూర్చుంటే తెలిసింది. తన ఇబ్బంది అతన్ని అక్కడి దాకా తోలింది, అంతే. కనపడింది మాత్రం ఏజెంటు ఇబ్బంది.

2018లో తెలంగాణ ప్రభుత్వం అతన్నే ముఖ్య ఆవిష్కరణల అధికారిగా పెట్టుకుంది. మరుసటి ఏడు 'ఇంటింటా ఇన్నోవేటర్' అని మొదలైంది, ఊళ్లలో జనం సొంతంగా చేసుకున్న పరికరాలను ఆగస్టు 15కు జిల్లాల్లో ప్రదర్శించే కార్యక్రమం. పేరు పెట్టడంలో ప్రాస మోజు కొంచెం ఎక్కువైనా పని మంచిదే. దీనికి చాలా ముందే రిటైరైన బ్రిగేడియర్ పి. గణేశం 'పల్లె సృజన' పెట్టి, అనిల్ గుప్తా గారి హనీ బీ నెట్‌వర్క్ దారిలో ఊరూరా కాలినడకన శోధయాత్రలు చేస్తూ ఇలాంటివాళ్లను వెతికి పట్టుకుంటూ వస్తున్నారు. నడిచి వెళ్లడంలోనే కిటుకుంది. కారులో వెళ్లినవాడు సర్పంచి ఇంటి ముందు దిగుతాడు. నడిచేవాడికి దారిలో పొలం గట్టు మీద ఏ బావి మోటారుకు ఎవరు ఏం తగిలించుకున్నారో కనపడుతుంది.

కొత్త ఆలోచనలు పుట్టించే వర్క్‌షాపులని జరుగుతుంటాయి. ఏసీ హాల్లో గోడ నిండా రంగు రంగు కాగితాలు అంటించి, రోజువారీ జీవితంలో సమస్యలు గుర్తించండి అంటారు. ఒకసారి మొహమాటానికి వెళ్లాను. మధ్యాహ్నానికి గోడ నిండిపోయింది. ట్రాఫిక్, పార్కింగ్, కాలుష్యం, ట్రాఫిక్. అన్నీ హాల్లో కూర్చున్నవాళ్ల బాధలే, అవీ పొద్దున వస్తూ పడ్డవే. మాకు భోజనం వడ్డించిన కుర్రాడు నాలుగు పెద్ద గిన్నెలు లిఫ్టు లేని మెట్ల మీంచి మూడో అంతస్తుకు ఎలా మోసుకొచ్చాడో ఏ కాగితం మీదా లేదు.

నన్నడిగితే కాగితాల కంటే పనిముట్లు ముఖ్యం. రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ తెరిచారు. బుర్రలో ఉన్న వస్తువును లోహంలోనో ప్లాస్టిక్‌లోనో చేసి చూసుకునే చోటు. 1992లో మల్లేశానికి దొరకనిది అదే. తల్లి భుజం కనపడింది, ఏం చెయ్యాలో తెలిసింది, చేసి చూడ్డానికి లేత్ మిషను దగ్గరికి పోవాలన్నా అప్పు చెయ్యాల్సి వచ్చింది. ఏడేళ్లలో ఎన్నేళ్లు ఆలోచనకు పట్టాయో, ఎన్నేళ్లు ఇనుప ముక్కల ఖర్చుకు పట్టాయో లెక్కేస్తే రెండోదే ఎక్కువ తేలుతుందేమో. అయితే టీ-వర్క్స్ ఉన్నది ఐటీ మేడల మధ్యన. ఆలేరు నుంచి ఒకడు దానికోసం రావాలంటే ముందు రెండు మూడు రోజుల కూలి వదులుకోవాలి.

ఇంకా ఎవరూ సరిగ్గా పట్టించుకోని ఇబ్బందులు మా పేటలోనే బోలెడున్నాయి. అందులో నాకిష్టమైనది ఇంటి నంబరు. మా వైపు నంబర్లు 1-2తో మొదలవుతాయి. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. ఒకప్పటి తోటలూ బంగళాలూ అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా ఒక అడ్డగీత చేరింది, ప్లాటుగా అమ్మినప్పుడు ఒక అక్షరం చేరింది, అపార్ట్‌మెంటు లేచినప్పుడు ఇంకో అంకె చేరింది. మా నంబరు పూర్తిగా చెప్పడానికి ఒక ఊపిరి చాలదు. పక్కింటి నంబరు మా తర్వాతిది అయ్యుండాలని రూలేం లేదు, అది రామకృష్ణ మఠానికి అవతలెక్కడో ఉంటుంది. మేమెవరం నంబరుతో ఇల్లు చెప్పం. మఠం, ఏవీ కాలేజీ, గగన్‌మహల్, ఫలానా మెడికల్ షాపు, ఇవే మా అక్షాంశ రేఖాంశాలు. ఇలాగే బతికేశాం, ఇదొక ఇబ్బందని తోచలేదు.

అది కనపడింది బయటి నుంచి వచ్చి మా గేట్ల ముందు నిలబడేవాళ్లకు. తపాలా శాఖ 2025 మే నెలలో డిజిపిన్ అని తెచ్చింది. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. చేసినవాళ్లలో హైదరాబాద్ ఐఐటీ ఉంది, బాలానగర్‌లోనే ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. చక్కటి పని. నా గడి గుర్తేమిటో చూసి రాసిపెట్టుకున్నాను కూడా. పార్సిల్ తెచ్చే కుర్రాడికి ఒకసారి ఉత్సాహంగా చెప్పబోయాను. "అవన్నీ ఒద్దంకుల్, నా దగ్గరుంది" అని ఫోన్ చూపించాడు. నా ఫోన్ నంబరును అతను నా పేరుతో సేవ్ చేసుకోలేదు. 'మఠం ఎనక నీలం గేట్ సెకండ్ ఫ్లోర్ కుక్క లేదు' అని ఉంది. కిందకు జరిపితే మా సందంతా అలాగే ఉంది. 'బాదం చెట్టు బెల్ పన్జెయ్యదు', 'తెల్ల స్కూటీ గ్రౌండ్ ఫ్లోర్ మధ్యాహ్నం పడుకుంటరు', 'మెడికల్ ఎదురుంగ కుక్క ఉంది మంచిదే'. డిజిపిన్ పది అక్షరాల్లో బెల్లు పనిచెయ్యని సంగతి ఇమడదు. ఇవన్నీ కొత్తగా చేరినవాళ్లకు కూడా పంపుతాడట, ఒక్కో సందుకు ఒక్కో లిస్టు.

మొన్న దసరాకు మా అపార్ట్‌మెంటు గేటుకు ఆకుపచ్చ రంగు వేయించారు. మర్నాడే కింద నుంచి ఫోన్. "అంకుల్, గేట్ మార్చిన్రా?" రంగు మార్చారు బాబూ, పైకి రా అన్నాను. వచ్చాక, అయితే ఇప్పుడు నా పేరు మార్చుకోవాలి కదా అని నవ్వాను. ఫోన్లో అప్పటికే ఏదో కొడుతున్నాడు. "నీలం తీసెయ్యనంకుల్, పాతోళ్లకు అదే యాదుంటది. బ్రాకెట్ల 'ఇప్పుడు పచ్చ' అని పెడుతున్న."